సింక్ ఉంది కదా అని ఊరుకోవచ్చా? ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌పై ఒక పాఠకురాలి ప్రశ్న

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్, విండోస్ 11. విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో పనిచేసే డ్రైవ్) 512 జీబీ, దానికి తోడు 1 టీబీ హార్డ్ డిస్క్. సొంత ఫైళ్లు, ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి 400 జీబీ దాకా ఉంటాయి. ఫొటోల ఫోల్డర్ క్లౌడ్‌కి సింక్ అవుతోంది కాబట్టి భయం లేదనుకున్నాను. ఇరవై రోజుల కిందట మా అబ్బాయి పొరపాటున అందులోంచి ఒక ఏడాది ఫొటోలు డిలీట్ చేశాడు. క్లౌడ్‌లో చూస్తే అక్కడా లేవు! ఎక్స్‌టర్నల్ డిస్క్ కొందామంటే ఒకరు క్లోన్ చేయమంటారు, ఒకరు ఇమేజ్ అంటారు, ఇంకొకరు కాపీ పేస్ట్ చాలంటారు. ఏది చేయాలి? ఆరేళ్ల నాటి 500 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి ఇంట్లో పడి ఉంది. అది పనికొస్తుందా?

జవాబు: మిగతాది చదవడానికి ముందు ఒక పని చేయండి. బ్రౌజర్‌లో మీ క్లౌడ్ ఖాతా తెరిచి అక్కడి రీసైకిల్ బిన్ గానీ ట్రాష్ గానీ చూడండి. కంప్యూటర్‌లో ఉండే రీసైకిల్ బిన్ కాదు, వెబ్‌సైట్‌లో ఉండేది. వన్‌డ్రైవ్ పర్సనల్ ఖాతాలోనూ గూగుల్ డ్రైవ్‌లోనూ డిలీట్ అయినవి 30 రోజులు ఉంటాయి, ఆ తర్వాత వాటంతట అవే పోతాయి. మీకు ఇరవై రోజులు గడిచాయి కాబట్టి ఇంకా వ్యవధి ఉంది. ఫోల్డర్ కనిపిస్తే రిస్టోర్ నొక్కండి, పాత చోటికే వచ్చేస్తుంది. మైక్రోసాఫ్ట్ 365 చందా ఉన్నవాళ్లకు వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లో కోరుకున్న రోజుకు వెనక్కి తిప్పే వీలు కూడా ఉంది. అయితే అలా తిప్పితే ఆ రోజు తర్వాత మీరు చేసుకున్న మార్పులు కూడా వెనక్కి పోతాయి. బిన్‌లో దొరికితే అదే మేలు.

అక్కడ లేకపోతే, ఫొటోలు ఉన్నది హార్డ్ డిస్క్‌లోనా, ఎస్ఎస్‌డీలోనా అన్నది చూడాలి. హార్డ్ డిస్క్ అయితే దాంట్లోకి ఇక కొత్తగా ఏమీ రాయకండి. ఫొటోరెక్ లాంటి ఉచిత రికవరీ ప్రోగ్రాముని వేరే డ్రైవ్‌లో పెట్టి నడపండి, దొరికిన ఫొటోలను కూడా వేరే డ్రైవ్‌లోకే తీయండి. ఎస్ఎస్‌డీ అయితే ఆశ చాలా తక్కువ. ఫైలు డిలీట్ కాగానే ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ ట్రిమ్ అనే ఆదేశంతో ఎస్ఎస్‌డీకి చెప్పేస్తుంది, అది తీరిక చూసుకుని ఆ చోటు తుడిచేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. సింక్ తన పని తాను సరిగ్గానే చేసింది. రెండు చోట్లా ఒకేలా ఉంచడమే దాని పని. మీరు ఫొటో చేరిస్తే అక్కడా చేరుస్తుంది, తీసేస్తే అక్కడా తీసేస్తుంది. పాడైన ఫైలును మంచి ఫైలు మీద సేవ్ చేస్తే అదీ నమ్మకంగా పైకి పంపుతుంది. బ్యాకప్ పని వేరు. నిన్న ఎలా ఉందో, పోయిన నెల ఎలా ఉందో అది గుర్తుంచుకోవాలి. ఇక్కడ జరిగిన ప్రమాదం దాన్ని తాకకూడదు. ఈ రెండూ లేనిదాన్ని ఏ పేరుతో పిలిచినా మేం దాన్ని బ్యాకప్‌గా లెక్కపెట్టం.

కాబట్టి ఏ పద్ధతి మంచిదని కాకుండా, ఏ నష్టానికి ఏది అడ్డుపడుతుందని అడగండి. ఇంటి కంప్యూటర్‌కు వచ్చే నష్టాలు నాలుగు రకాలు. పొరపాటున ఫైలు తీసేయడం, లేదా మంచి ఫైలు మీద తప్పుది సేవ్ చేయడం. డిస్క్ చచ్చిపోవడం. దొంగతనమో నిప్పో నీళ్లో వచ్చి కంప్యూటర్‌తో పాటు పక్కన ఉన్న డిస్క్ కూడా పోవడం. నాలుగోది రాన్సమ్‌వేర్: ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడుగుతుంది, ఆ సమయంలో తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌నీ వదలదు. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు, విడిగా తీసిపెట్టిన కాపీ ఉన్నవాళ్లు అది ఉన్న మేరకు తమ ఫైళ్లను వెనక్కి తెచ్చుకోగలిగారు. మీ ఇంట్లో జరిగింది మొదటి రకం. అన్నిటికంటే ఎక్కువగా జరిగేదీ అదే, అందరూ తక్కువగా అంచనా వేసేదీ అదే.

మొదట కాపీ పేస్ట్ సంగతి. అది చెడ్డదని అనం, ఏమీ లేకపోవడం కంటే ఎంతో నయం. కానీ మూడు చోట్ల దెబ్బ తీస్తుంది. పాత కాపీ మీదే మళ్లీ పేస్ట్ చేసి రీప్లేస్ నొక్కినప్పుడు, ఈ మధ్య పాడైన ఫైలు ఉంటే అది పోయిన నెల మంచి కాపీని మింగేస్తుంది. తెరిచి ఉన్న ఫైళ్ల దగ్గర, ముఖ్యంగా అవుట్‌లుక్ మెయిల్ ఫైలు, అకౌంట్ల ప్రోగ్రాం డేటా లాంటివాటి దగ్గర, కాపీ ఆగిపోయి అడుగుతుంది. స్కిప్ కొడితే సరిగ్గా ముఖ్యమైన ఫైలే మిగిలిపోతుంది. మూడోది మనిషి బలహీనత. మొదటి వారం చేస్తాం, రెండో వారం చేస్తాం, తర్వాత మరిచిపోతాం.

వన్‌డ్రైవ్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఫైలు పక్కన నీలం మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైలు మీ డిస్క్‌లో లేనట్టే, పేరు మాత్రమే ఉంది. బ్యాకప్ ప్రోగ్రాములు చాలావరకు దాన్ని దాటేస్తాయి. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ ఎంచుకోండి. మబ్బు పోయి, నిండు ఆకుపచ్చ వృత్తంలో తెల్ల టిక్ వచ్చేదాకా ఆగండి. అప్పుడే బ్యాకప్ మొదలుపెట్టాలి. అలాగే వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. పాత దారిలోని ఫోల్డర్‌ని కాపీ చేసి, అంతా వచ్చేసిందనుకునేవాళ్లు చాలామంది.

మీ నష్టానికి సరైన మందు ఫైల్ హిస్టరీ. విండోస్ 8 నుంచీ ఉంది, 11లోనూ కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది, కానీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, సెలెక్ట్ డ్రైవ్‌లో దాన్ని ఎంచుకుని, టర్న్ ఆన్ నొక్కడమే. ఆ తర్వాత గంటకోసారి, మారిన ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది. డిస్క్‌లో ఫైళ్లు మామూలు ఫైళ్లలాగే ఉంటాయి, పేరు చివర తేదీ, సమయం చేరతాయి. ఖర్చులు అనే ఫైలు ఉందనుకోండి, అది 'ఖర్చులు (2025_03_14 05_12_40 యూటీసీ)' అని కనిపిస్తుంది. దాని కింద మరుసటి రోజుది, ఆ కింద ఇంకో రోజుది. రేపు ఈ కంప్యూటరే లేకపోయినా ఆ డిస్క్‌ని ఏ కంప్యూటర్‌కు తగిలించినా ఈ ఫైళ్లు తెరుచుకుంటాయి. మాకు ఈ పద్ధతి మీద గురి కుదరడానికి ఇదే పెద్ద కారణం. ఆ సమయం గ్రీనిచ్ లెక్కలో ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి, మీ గడియారంతో కలవలేదని కంగారుపడొద్దు.

ఇందులో రెండు సెట్టింగులు తప్పకుండా మార్చాలి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పాత కాపీలు ఎంతకాలం ఉంచాలన్న చోట ఫరెవర్ అని ఉంటుంది. అలాగే వదిలేస్తే ఒకరోజు డిస్క్ నిండిపోయి బ్యాకప్ ఆగిపోతుంది, హెచ్చరిక వచ్చినా చాలామంది చూడరు. దాన్ని ఒక ఏడాదికి గానీ, అంటిల్ స్పేస్ ఈజ్ నీడెడ్‌కి గానీ మార్చండి. రెండోది మీ రెండో డిస్క్ గురించి. ఫైల్ హిస్టరీ తనంతట తాను చూసేది డెస్క్‌టాప్, లైబ్రరీలు (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి పేర్లతో విండోస్ ఉంచే ఫోల్డర్ల జాబితాలు) లాంటి కొన్ని చోట్లనే. హార్డ్ డిస్క్‌లో మీరు విడిగా పెట్టుకున్న వీడియోల ఫోల్డర్ దానికి కనిపించదు. విండోస్ 11లో ఫోల్డర్ చేర్చే బటన్ కూడా లేదు. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, షో మోర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ ద్వారా ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి. చేర్చాక ఒకసారి రన్ నౌ నొక్కి, అది పూర్తయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరిచి ఆ ఫోల్డర్ అక్కడికి వచ్చిందో లేదో కళ్లారా చూడండి.

మ్యాక్ వాడేవాళ్లకు ఇదే పని టైమ్ మెషీన్ చేస్తుంది. గత 24 గంటలకు గంటకో కాపీ, గత నెలకు రోజుకో కాపీ, అంతకు ముందు వారానికో కాపీ ఉంచుతుంది. చోటు చాలనప్పుడు అన్నిటికంటే పాతది తీసేస్తుంది.

ఇక మిర్రర్ పద్ధతి. ఫ్రీఫైల్‌సింక్ లాంటి ప్రోగ్రాములు ఎడమవైపు మీ ఫోల్డర్, కుడివైపు బ్యాకప్ ఫోల్డర్ చూపించి కుడివైపుని అచ్చు ఎడమవైపులా మార్చేస్తాయి. వేగంగా ఉంటుంది, పాతది కొత్తది కలిసిపోయి గందరగోళం ఉండదు. కానీ సింక్‌లాగే ఇదీ తీసేసినవాటిని తీసేస్తుంది. ఫ్రీఫైల్‌సింక్‌లో వర్షనింగ్ అనే సదుపాయం ఉంది, దాన్ని పెట్టుకుంటే తీసేయాల్సినవి వేరే ఫోల్డర్‌లోకి వెళతాయి. అది పెట్టకుండా మిర్రర్ వాడకండి. ప్రతిసారీ ముందు కంపేర్ నొక్కి, డిలీట్ కాబోయేవి ఎన్ని ఉన్నాయో చూడండి. రోజూ అయిదో పదో ఉండే చోట వేలల్లో కనిపిస్తే ఆగాలి. ఎడమ కుడి తారుమారయ్యాయి, లేదా ఎవరో ఫోల్డర్ ఎత్తేశారు. ఖాళీ ఫోల్డర్‌ని ఎడమవైపు పెట్టి సింక్ నొక్కితే కుడివైపు కూడా ఖాళీ అవుతుంది.

క్లోన్, ఇమేజ్ రెండూ డిస్క్ మొత్తానికి సంబంధించినవి. విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులతో సహా తీసుకుంటాయి. క్లోన్ అంటే ఒక డిస్క్‌కి అచ్చు జంట. పాతది చచ్చిపోతే జంటను బిగించి నేరుగా ఆన్ చేసుకోవచ్చు. కానీ జంట కోసం ఒక డిస్క్ పూర్తిగా కేటాయించాలి, అందులో ఒకే ఒక్క రోజు పరిస్థితి ఉంటుంది. మళ్లీ క్లోన్ చేస్తే పాతది పోతుంది. రెండిటినీ ఒకేసారి తగిలిస్తే గుర్తింపు సంఖ్య ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, అది చూసి డిస్క్ పాడైందనుకోకండి. ఎస్ఎస్‌డీ మార్చేటప్పుడు క్లోన్ ఎంతో పనికొస్తుంది, బ్యాకప్‌గా దాన్ని మేం అంతగా సిఫారసు చేయం.

ఇమేజ్ అంటే డిస్క్ మొత్తాన్ని ఒక ఫైలుగా మూటగట్టడం. 150 జీబీ వాడకంలో ఉన్న ఎస్ఎస్‌డీకి సుమారు అంతే సైజు ఇమేజ్ వస్తుంది, కంప్రెస్ చేసే ప్రోగ్రాం అయితే ఇంకాస్త తగ్గుతుంది. ఒకే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో రెండు మూడు నెలలవి పెట్టుకోవచ్చు. విండోస్‌లో పాత బ్యాకప్ అండ్ రిస్టోర్ (విండోస్ 7) ఇంకా కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది గానీ మైక్రోసాఫ్ట్ దాన్ని మెరుగుపరచడం ఎప్పుడో మానేసింది. దానికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌లో ఉండాలి. విండోస్‌ఇమేజ్‌బ్యాకప్ అనే ఫోల్డర్ పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్ లోపల పెట్టినా రిస్టోర్ సమయంలో కనబడదంటుంది. కొత్తగా పెట్టే డిస్క్ పాతదానికంటే చిన్నదైతే రిస్టోర్ చేయదు. ఉచితంగానే కావాలంటే రెస్క్యూజిల్లా మేలు, పెన్ డ్రైవ్ నుంచి నేరుగా నడుస్తుంది, బటన్లు సులువుగా అర్థమవుతాయి. క్లోన్‌జిల్లా గట్టిదే కానీ కొత్తవాళ్లు దాని తెరలు చూసి బెదురుతారు. పాత సలహాల్లో మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్ పేరు కనిపిస్తుంది. దానికి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది.

ఇమేజ్ ఏ ప్రోగ్రాంతో తీసినా, విండోస్ తెరుచుకోని రోజున దాన్ని వెనక్కి పెట్టడానికి బూట్ అయ్యే పెన్ డ్రైవ్ కావాలి. ఇమేజ్ తీసిన రోజే ఆ పెన్ డ్రైవ్‌తో ఒకసారి కంప్యూటర్‌ని ఆన్ చేసి, అది మీ ఎస్ఎస్‌డీనీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌నీ చూపిస్తుందో లేదో గమనించండి. కొన్ని కంప్యూటర్లలో స్టోరేజ్ డ్రైవర్ (డిస్క్‌ని గుర్తుపట్టడానికి కావలసిన చిన్న ప్రోగ్రాం) లేక అసలు డిస్కే కనబడదు. ఈ సంగతి ప్రశాంతంగా ఉన్న రోజున తెలిస్తే డ్రైవర్ వెతుక్కోవచ్చు.

ప్రోగ్రాముల్లో ఫుల్, ఇంక్రిమెంటల్, డిఫరెన్షియల్ అనే మాటలు వస్తాయి. ఆదివారం మీ 400 జీబీ మొత్తం తీసుకుంటే అది ఫుల్. రోజూ 2 జీబీ మారుతుందనుకోండి. ఇంక్రిమెంటల్ అయితే సోమవారం 2, మంగళవారం 2, ఇలా ముందు రోజు నుంచి మారినది మాత్రమే తీస్తుంది. శనివారం నాటి పరిస్థితి కావాలంటే ఆదివారం ఫుల్‌తో పాటు ఆరు ముక్కలూ బాగుండాలి. బుధవారం ముక్క పాడైతే ఆ తర్వాతివి పనికిరావు. డిఫరెన్షియల్ ఎప్పుడూ ఆదివారంతో పోల్చుకుంటుంది, కాబట్టి 2, 4, 6 అంటూ పెరుగుతుంది కానీ రిస్టోర్‌కి రెండే ముక్కలు చాలు. ఇంట్లో వాడకానికి ఇంక్రిమెంటల్ పరవాలేదు, నెలకో రెండు నెలలకో ఒకసారి కొత్త ఫుల్ తీస్తే గొలుసు మరీ పొడవు కాదు.

మీరు 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకోండి. ఫైల్ హిస్టరీకి, రెండు మూడు ఇమేజ్‌లకు సరిపోతుంది. బ్యాకప్‌కి ఎస్ఎస్‌డీ తప్పనిసరి కాదు. పైగా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంటే ఎస్ఎస్‌డీలోని డేటా చెడిపోయే అవకాశం ఉంది. కేబుల్‌ని యూఎస్‌బీ 3 పోర్ట్‌లో పెట్టండి, చాలావాటిలో లోపలి నాలుక నీలం రంగులో ఉంటుంది. సెకనుకు 100 ఎంబీ చొప్పున 400 జీబీకి గంటా పది నిమిషాలు చాలు, చిన్న ఫైళ్లు ఎక్కువైతే రెండు మూడు గంటలు. అదే పాత యూఎస్‌బీ 2 పోర్ట్‌లో నాలుగు గంటలకు దగ్గర పడుతుంది. డిస్క్ తిరుగుతుండగా కదపకండి, ముఖ్యంగా కింద పడనీయకండి. లోపల తిరిగే పళ్లెం మీద వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో హెడ్ కదులుతూ ఉంటుంది.

రోజంతా తగిలించి ఉంచాలా? ఫైల్ హిస్టరీ గంటగంటకూ పనిచేయాలంటే తగిలి ఉండాలి, రాన్సమ్‌వేర్ నుంచి కాపాడాలంటే ఊడదీసి ఉండాలి. రెండూ నిజమే. అందుకే ఒక డిస్క్‌తో సరిపెట్టొద్దంటున్నాం. ఒకటి తగిలి ఉండనివ్వండి, ఇంకొకటి నెలకోసారి మాత్రమే తగిలించి, కాపీ తీసి, మరో ఇంట్లో ఉంచండి. బయట పెట్టే డిస్క్‌కి పాస్‌వర్డ్ ఉండాలి. విండోస్ ప్రో అయితే ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి పాస్‌వర్డ్ తాళం వేసే బిట్‌లాకర్ టు గో చాలు. హోమ్ ఎడిషన్‌లో దాన్ని కొత్తగా పెట్టలేం, తెరవగలం అంతే. హోమ్ వాళ్లు వెరాక్రిప్ట్ వాడుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, డిస్క్‌తో కాకుండా వేరే చోట ఉంచండి. మరిచిపోతే ఎవరూ తెరవలేరు.

అసలు బిట్‌లాకర్ సంగతి ఇప్పుడే చూసుకోండి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన చాలా కంప్యూటర్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి బిట్‌లాకర్ వేసే తాళం) దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. మదర్‌బోర్డ్ పోయి, డిస్క్ మాత్రం బాగుండి, దాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఉంటుంది. ఈ రోజే ప్రింట్ తీసి దాచండి, అదే కంప్యూటర్‌లో ఫైలుగా దాస్తే ఉపయోగం లేదు.

రెండో డిస్క్‌కి బదులు క్లౌడ్ బ్యాకప్ సేవ తీసుకోవచ్చు. పాత వర్షన్లు ఎన్ని రోజులు ఉంచుతారన్నది మాత్రం చూసి తీసుకోండి. మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం ముందు కొలుచుకోవాలి, ప్రకటనల్లో చెప్పేది ఎక్కువగా డౌన్‌లోడ్ వేగం. సెకనుకు 10 మెగాబిట్లంటే 1.25 ఎంబీ మాత్రమే. ఆ లెక్కన 400 జీబీ ఎక్కడానికి ఆగకుండా మూడు రోజుల పదిహేడు గంటలు పడుతుంది. ముందు ఫొటోలు, తర్వాత పత్రాలు, చివర వీడియోలు ఎక్కేలా పెట్టుకోండి. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఒకేసారి రాసే రెయిడ్ పెట్టె కొనమని కూడా ఎవరైనా చెబుతారు. ఒక డిస్క్ చచ్చినా పని ఆగకుండా ఉండటానికి అది మంచిదే. కానీ మీ అబ్బాయి డిలీట్ చేసిన ఫొటోలు రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతాయి.

మూడు నెలలకోసారి అరగంట కేటాయించి బ్యాకప్‌లోంచి ఓ పది ఫైళ్లు వెనక్కి తీసి చూడండి. పేర్లు కనిపిస్తే చాలదు, తెరవాలి. ఫొటో సగం బూడిద రంగులో వస్తుందేమో, వీడియో చివరిదాకా ఆడుతుందో లేదో చూడాలి. నిన్న మార్చిన ఫైలు ఒకటి వెతకండి. లేకపోతే బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయినట్టు.

మీ పాత 500 జీబీ డిస్క్ గురించి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో దాని ఆరోగ్యం చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు వరుసల్లో రా వాల్యూ సున్నా ఉండాలి. పెండింగ్ దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా దాన్ని పక్కన పెట్టేయండి. సున్నాలే ఉంటే మూడో కాపీగా పనికొస్తుంది, ఏకైక కాపీగా మాత్రం వద్దు. విండోస్‌లో అది 465 జీబీగా కనిపిస్తుంది కాబట్టి పాత వర్షన్లకు చోటుండదు, ఫొటోలు మాత్రమే పెట్టండి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఒక్కటీ ఎక్కదు. అందులో మీకు కావలసినవేమీ లేవని చూసుకుని ఎన్‌టీఎఫ్ఎస్‌కి ఫార్మాట్ చేయండి. కాపీ అయ్యాక డిస్క్ మీద చిన్న కాగితం అంటించి, ఏ తేదీ వరకు ఉన్న ఫొటోలు అందులో ఉన్నాయో పెన్నుతో రాసి, రెండో డిస్క్‌తో పాటు ఆ ఇంటికే పంపండి.